చెరకుతోటలో పడిన రాకెట్టు
అమెచ్యూర్ రేడియో పాఠ్యక్రమముపై ఒక విమర్శ

నిజాంసాగరు కాలువల క్రింద, బోధను చుట్టుప్రక్కల పెరుగు చెరకు కోతకు వచ్చునాటికి మనిషి ఎత్తును మించి నిలుచును. అట్టి తోటలో జానెడు పొడవు గల గొట్టమొకటి పడినచో పది అడుగుల దూరమున ఉన్నవానికి కూడ అది కనబడదు. నమూనా రాకెట్లను ఎగురవేయు విద్యార్థులకు కలుగు పెద్ద కష్టము రాకెట్టును పైకి పంపుట కాదు. క్రిందికి వచ్చినదానిని వెదకి పట్టుకొనుట. దీనికి విరుగుడుగా విదేశీయ పుస్తకములు తరచుగా చెప్పు మాట ఇది: రాకెట్టులో చిన్న రేడియో ట్రాన్స్‌మిటరును అమర్చవలెను, అందుకై అమెచ్యూర్ రేడియో లైసెన్సు పొందవలెను.

ఈ సలహా అమెరికాలో పుట్టినది. అచ్చటి పొలము వేరు, రాకెట్టు వేరు, చట్టము వేరు. నిజామాబాదు జిల్లాలోని ఉన్నత పాఠశాల విద్యార్థి ఆ సలహాను పాటింపదలచినచో అతని ముందు నిలుచునది భారత ప్రభుత్వపు అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటరు పరీక్ష. ఒక పాఠ్యపుస్తకమును ఏ విధముగా పరిశీలింతుమో ఆ పరీక్ష యొక్క పాఠ్యక్రమమును కూడ అదే విధముగా పరిశీలింపవలెను. అది ఏమి నేర్పుచున్నది? దేనిని విడిచిపెట్టినది? ఎవరికి అందుచున్నది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము తెలియకుండ పిల్లలను పరీక్షకు పంపుటయు తగదు, పంపకుండ ఆపుటయు తగదు.

పరీక్ష యొక్క స్వరూపము

అమెచ్యూర్ రేడియో అనగా లాభాపేక్ష లేకుండ, స్వయంశిక్షణ కొరకును, పరస్పర సంభాషణ కొరకును, సాంకేతిక పరిశోధన కొరకును వ్యక్తులు నడుపుకొను రేడియో సేవ. దీనిని నడుపువారిని లోకమంతట 'హామ్'లని పిలుతురు. మన దేశమున 1978లో వెలువడిన అమెచ్యూర్ సర్వీసు నిబంధనలు, వాటికి తరువాత జరిగిన సవరణలు ఈ వ్యవస్థను రూపొందించినవి. కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగము పరీక్ష జరుపు అధికారి. 12 సంవత్సరములు నిండిన భారత పౌరుడెవరైనను పరీక్షకు కూర్చుండవచ్చునని ఆ నిబంధనలు చెప్పినవి. అనగా ఏడవ, ఎనిమిదవ తరగతి విద్యార్థికి కూడ ద్వారము తెరచియే ఉన్నది.

సవరణల పిమ్మట మిగిలిన శ్రేణులు రెండు: రెస్ట్రిక్టెడ్, జనరల్. రెస్ట్రిక్టెడ్ శ్రేణి వారికి 'వి.యు.3'తోను, జనరల్ శ్రేణి వారికి 'వి.యు.2'తోను మొదలగు పిలుపు గుర్తులు ఇచ్చు ఆచారము కలదు. జనరల్ శ్రేణికి మోర్సు సంకేతములను నిమిషమునకు 8 మాటల వేగముతో పంపుటయు, గ్రహించుటయు రావలెను. రెస్ట్రిక్టెడ్ శ్రేణికి మోర్సు అక్కరలేదు. ప్రశ్నాపత్రమున రెండు భాగములు: రేడియో సిద్ధాంతము మరియు ఆచరణ ఒకటి, నిబంధనలు ఒకటి.

2023లో క్రొత్త టెలికమ్యూనికేషన్ల చట్టము వచ్చి 1885 నాటి టెలిగ్రాఫు చట్టమునకును, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టమునకును బదులుగా దశలవారీగా అమలులోనికి రాసాగినది. దానికి అనుగుణముగా పాత నిబంధనలను తిరుగ వ్రాయవలసి వచ్చుచున్నది. కావున ఉపాధ్యాయులు దరఖాస్తు పెట్టించుటకు ముందు ఆ శాఖవారి తాజా ప్రకటనలను చూచుకొనవలెను. నిబంధన మారినను పరీక్షింపబడు శాస్త్రము మారదు గనుక ఈ పరిశీలనకు ప్రయోజనము తగ్గదు.

పాఠ్యక్రమములోని మేలు

మొదట మేలు చెప్పవలెను. ఈ పాఠ్యక్రమము క్రమము తప్పని మెట్లవలె ఉన్నది. వాహకములు, బంధకములతో మొదలై ఓము సూత్రము, నిరోధముల శ్రేణి, సమాంతర సంధానములు, కిర్కాఫు సూత్రములు, అయస్కాంతత్వము, ప్రేరకములు, కెపాసిటర్లు, ఏకాంతర విద్యుత్తు, అనునాదము, ట్రాన్స్‌ఫార్మరు, డయోడు, ట్రాన్సిస్టరు, రిసీవరు, ట్రాన్స్‌మిటరు, తరంగ ప్రసరణము, ఏరియల్ వరకు పోవును. ఇందులో ఓము, కిర్కాఫు సూత్రములు పదవ తరగతి భౌతికశాస్త్రములో విద్యార్థి చదువునవే. అనునాదము, అర్ధవాహకములు ఇంటర్మీడియెటులో వచ్చును. కనుక పదవ తరగతి చదువుచున్న బాలునకు ఈ పాఠ్యక్రమములో మొదటి మూడవ వంతు పరిచితము. తరువాతి భాగము ఒక చురుకైన ఉపాధ్యాయుని సాయముతో ఒక వేసవిలో అందుకొనదగినది.

అంతకంటె పెద్ద మేలు మరియొకటి కలదు. పాఠశాలలో ఓము సూత్రము ఒక లెక్కగా ముగియును. ఈ పాఠ్యక్రమములో అదే సూత్రము ఒక పనిముట్టు అగును. బ్యాటరీ ఎన్ని గంటలు నిలుచును, తీగ ఎంత సన్నగా ఉండవచ్చును, రిసీవరు ఎందుకు వేడెక్కినది అను ప్రశ్నలకు సమాధానము దానిలోనే దొరకును. తరంగదైర్ఘ్యము సంగతియు అట్టిదే. రేడియో తరంగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. 145 మెగాహెర్ట్స్ వద్ద దాని తరంగదైర్ఘ్యము సుమారు 2.07 మీటర్లు, అందు నాలుగవ వంతు 52 సెంటీమీటర్లు. 435 మెగాహెర్ట్స్ వద్ద తరంగదైర్ఘ్యము 69 సెంటీమీటర్లు. నాలుగవ వంతు 17 సెంటీమీటర్లు. ఏరియల్ పొడవు సాధారణముగా ఈ నాలుగవ వంతుపై ఆధారపడును. మోచేతి పొడవు రాకెట్టులో 52 సెంటీమీటర్ల తీగ ఇమడదు, 17 సెంటీమీటర్ల తీగ ఇమడును. రాకెట్లలో పెట్టు చిన్న ట్రాన్స్‌మిటర్లు ఎక్కువ పౌనఃపున్యమును కోరుటకు కారణము ఇంతే. పాఠ్యక్రమము చదివిన బాలుడు ఈ కారణమును తానే కనిపెట్టగలడు. చదువనివాడు అంగడివాడు చెప్పినది కొనును.

మొదటి లోపము: దిక్కును కనిపెట్టుట

రాకెట్టును వెదకువానికి కావలసిన ముఖ్య విద్య దిక్కును కనిపెట్టుట. రెస్ట్రిక్టెడ్ శ్రేణి పాఠ్యక్రమములో ఏరియళ్ళ రకములు ఉన్నవి గాని, ఏరియలును చేతబట్టుకొని పొలములో నడచి శబ్దము వచ్చు చోటును పట్టుకొను పద్ధతికి ప్రత్యేక స్థానము లేదు. దూరదేశముతో మాటలాడుటకు ఉపయోగించు ఆకాశతరంగములు, దాటుదూరము, క్షీణత మొదలగువాటికి చోటు దొరకినది. వంద మీటర్ల దూరమున చెరకు మొదళ్ళలో పడియున్న ట్రాన్స్‌మిటరుకు దొరకలేదు.

ఈ విద్య ఎంత అవసరమో ఒక చిన్న లెక్క చెప్పగలదు. భూమి గుండ్రముగా ఉన్నది గనుక ఎత్తుననున్న వస్తువునకు కనుచూపు ఎంత దూరము పోవునో కనుగొనుటకు ఒక సులభ సూత్రము కలదు: మీటర్లలో ఎత్తు యొక్క వర్గమూలమును 3.57తో గుణించినచో కిలోమీటర్లు వచ్చును. రాకెట్టు 100 మీటర్ల ఎత్తున ఉన్నప్పుడు ఈ దూరము సుమారు 36 కిలోమీటర్లు. అదే రాకెట్టు నేలపై పడి దాని ఏరియల్ 10 సెంటీమీటర్ల ఎత్తున నిలిచినచో ఈ దూరము ఒక కిలోమీటరును కొంచెము దాటును. వినువాడు పట్టుకొన్న ఏరియల్ ఎత్తును కలిపినచో మరి నాలుగైదు కిలోమీటర్లు చేరును. కాని ఆ మధ్యను నీటితో నిండిన చెరకు ఆకులు అడ్డముగా ఉండి తరంగమును పీల్చుకొనును. ఆకాశమున ఉండగా స్పష్టముగా వినిపించిన శబ్దము నేలను తాకగానే మాయమగుటకు కారణమిదే. అనుభవము లేనివాడు పరికరము పగిలినదనుకొనును. తెలిసినవాడు చివరిసారి శబ్దము వినిపించిన దిక్కును దిక్సూచితో కొలిచి కాగితముపై వ్రాసికొని ఆ దారిని నడచును.

ఇద్దరు వేర్వేరు చోట్ల నుండి దిక్కును కొలిచినచో ఇంకను మేలు. పొలము గట్టుపై 500 మీటర్ల ఎడముతో ఇద్దరు విద్యార్థులు నిలిచినారనుకొందము. ఆ గట్టుతో మొదటివానికి 60 డిగ్రీల కోణమునను, రెండవవానికి 70 డిగ్రీల కోణమునను శబ్దము వినవచ్చినది. త్రిభుజములో మూడవ కోణము 50 డిగ్రీలు. సైను సూత్రము ననుసరించి మొదటివాని నుండి రాకెట్టు 613 మీటర్ల దూరమునను, రెండవవాని నుండి 565 మీటర్ల దూరమునను ఉండును. కోణమును కొలుచుటలో 5 డిగ్రీల పొరపాటు జరిగినచో 600 మీటర్ల వద్ద అది సుమారు 50 మీటర్ల పొరపాటగును. బయలు నేలలో 50 మీటర్లు కనుచూపు మేర. చెరకుతోటలో అది ఒక పూట వెదకులాట. కొలత యొక్క కచ్చితత్వము ఎందుకు అవసరమో ఇంతకంటె బాగుగా నేర్పు పాఠము తరగతి గదిలో దొరకుట అరుదు.

దగ్గరకు వచ్చిన పిమ్మట మరియొక చిక్కు కలుగును. శబ్దము ఎంత బలముగా ఉండునంటే ఏ దిక్కున తిప్పినను ఒకేరీతి వినిపించును. అప్పుడు రిసీవరును ఛాతీకి ఆనించి పట్టుకొని తాను మెల్లగా చుట్టు తిరుగవలెను. ట్రాన్స్‌మిటరు వీపు వెనుకకు వచ్చినప్పుడు శరీరము అడ్డు తగిలి శబ్దము క్షీణించును. బలమైన దిక్కును గుర్తించుటకంటె బలహీనమైన దిక్కును గుర్తించుట సులభము. రేకుల షెడ్డు, కరెంటు స్తంభముల తీగలు దగ్గర ఉన్నచో తరంగము వాటిపై పడి వెనుకకు తిరిగి తప్పు దిక్కును చూపును. ఇవి పుస్తకము చూచి వచ్చునవి కావు. పరీక్ష కోరనందున ఎవరును నేర్పునవియు కావు. అమెచ్యూర్ సంఘములు 'నక్కవేట' అను ఆట ద్వారా దీనిని నేర్పుచుండును. ఒకరు ట్రాన్స్‌మిటరును దాచుదురు, తక్కినవారు వెదకుదురు. ఆటలో ఉన్నది పాఠ్యక్రమములో లేకపోవుట ఈ పరీక్ష యొక్క మొదటి లోపము.

రెండవ లోపము: బల్ల ముందు కూర్చున్న మనిషి

1978 నిబంధనలను చదువునప్పుడు వాటిని వ్రాసినవారి మనస్సులో ఏ బొమ్మ ఉన్నదో తెలియును. ఒక గదిలో బల్లపై యంత్రమున్నది. దాని ముందు లైసెన్సు గల వ్యక్తి కూర్చుండి మరియొక లైసెన్సు గల వ్యక్తితో మాటలాడుచున్నాడు. తన పిలుపు గుర్తును చెప్పుచున్నాడు. మాటలాడిన కాలమును పుస్తకములో వ్రాయుచున్నాడు. లైసెన్సులో స్టేషను చిరునామా ఉండును. ఆ చోటును విడిచి నడుపుటకు వేరుగ అనుమతి కావలెను. వర్తక సందేశములు, వినోద ప్రసారములు, రహస్య భాష నిషిద్ధములు. ఇవన్నియు న్యాయమైన కట్టుబాట్లే.

అయితే రాకెట్టులోని ట్రాన్స్‌మిటరు ఎవరితోను మాటలాడదు. రెండు సెకనులకొకసారి 'కీచు'మని ఊరకుండును. దాని ముందు మనిషి కూర్చుండడు. అది గదిలో ఉండదు, ఎగురును. అట్టి పరికరము లైసెన్సులోని చిరునామాకు లోబడునా, ఆపరేటరు దగ్గర లేనప్పుడు ప్రసారము చెల్లునా అను ప్రశ్నలకు ఆ నిబంధనలలో విద్యార్థికి అర్థమగునట్టి సూటి సమాధానము దొరకదు. సర్టిఫికెట్టు చేతికి వచ్చినంతమాత్రమున రాకెట్టులో ట్రాన్స్‌మిటరును ఎగురవేయుటకు అధికారము వచ్చినట్లు భావించుట పొరపాటు. వ్రాతపూర్వకముగా అధికారులను అడిగి సమాధానము పొందిన పిమ్మటనే ఆ పనికి పూనుకొనవలెను. క్రొత్త చట్టము క్రింద నిబంధనలను వ్రాయుచున్న ఈ కాలములో, విద్యాసంస్థల రాకెట్లకు, బెలూనులకు అమర్చు స్వల్పశక్తి ట్రాన్స్‌మిటర్లను గూర్చి రెండు వాక్యములు చేర్చినచో ఎందరో ఉపాధ్యాయుల సందేహము తీరును.

లైసెన్సు లేకయే పని జరుగునా?

ఇచ్చట మరియొక ప్రశ్న పుట్టును. లైసెన్సు అక్కరలేని పౌనఃపున్యములు లేవా? ఉన్నవి. 865 నుండి 867 మెగాహెర్ట్స్ వరకు గల పట్టీని 2005లోనే స్వల్పశక్తి పరికరముల కొరకు లైసెన్సు నుండి మినహాయించినారు. తరువాత 2021లో ఆ పట్టీని 868 వరకు పొడిగించినారు. ప్రసారశక్తికి, పట్టీ వెడల్పునకు హద్దులు కలవు. పరికరము ఆమోదము పొందినదై ఉండవలెను. ఈ హద్దులలో పనిచేయు చిన్న పరికరము ఉపగ్రహముల ద్వారా తన స్థానమును తెలిసికొని అక్షాంశ రేఖాంశములను పంపగలదు. కేవలము వస్తువును వెదకుటయే లక్ష్యమైనచో అమెచ్యూర్ లైసెన్సు తప్పనిసరి కాదనుట సత్యము.

కాని విదేశీయ పుస్తకములను నమ్మి పరికరములను తెప్పించువారికి ఇచ్చట పెద్ద ప్రమాదము పొంచియున్నది. అమెరికాలో లైసెన్సు అక్కరలేని పట్టీ 902 నుండి 928 మెగాహెర్ట్స్ వరకు. మన దేశమున 890 నుండి 915 వరకు గల పట్టీలో సెల్‌ఫోనులు తమ టవరులతో మాటలాడును. అచ్చటి పరికరమును ఇచ్చట మీట నొక్కి వదలినచో అది సెల్‌ఫోను టవరు చెవిలో అరచినట్లగును. అట్లే చౌకగా దొరకు అనేక పరికరములు 433.92 మెగాహెర్ట్స్ వద్ద పనిచేయును. అమెరికాలో అది 420 నుండి 450 వరకు గల అమెచ్యూర్ పట్టీలోనిది. ఇచ్చటి అమెచ్యూర్ పట్టీ 434తో మొదలై 438తో ముగియును. 433, 434ల మధ్య భాగము గదుల లోపల వాడు మిక్కిలి స్వల్పశక్తి పరికరములకు మాత్రమే మినహాయింపబడినది. ఆకాశమున ఎగురు రాకెట్టు గది లోపలిది కాదు. ఈ తేడా 0.08 మెగాహెర్ట్స్ మాత్రమే. కాని చట్టము దృష్టిలో ఆ తేడాయే తప్పునకును ఒప్పునకును మధ్యనున్న గోడ. నిబంధనల భాగము కంఠస్థము చేయుటకు విసుగు పుట్టించునది నిజమే. ఆ విసుగును ఓర్చి చదివినవాడు ఈ గోతిలో పడడు. పాఠ్యక్రమములో ఆ రెండవ భాగమునకు ఇదియే సమర్థన.

రాకెట్టు ఎక్కడ?

ఇంతకును రాకెట్టు ఏది? అమెరికాలో 1950 దశకము చివరినుండి కర్మాగారములో తయారైన చిన్న ఇంధన మోటార్లు అంగళ్ళలో దొరకుచున్నవి. అవి రాకెట్టును వందల మీటర్లు ఎత్తుకొనిపోవును. మన దేశమున 1884 నాటి ప్రేలుడు పదార్థముల చట్టము, 2008 నాటి నిబంధనలు ఉన్నవి. లైసెన్సు లేకుండ ప్రేలుడు మందును తయారుచేయుట నేరము. నేరము కాకపోయినను ప్రాణాంతకము. ఎండిన చెరకు ఆకుపై నిప్పురవ్వ పడినచో ఏమగునో బోధను రైతుకు ఎవరును చెప్పనక్కరలేదు. కనుక పాఠశాలలో ఎగురవేయదగినది నీటి రాకెట్టు. ప్లాస్టికు సీసాలో మూడవ వంతు నీరు పోసి సైకిలు పంపుతో గాలిని కూరినచో అది కొన్ని పదుల మీటర్లు ఎగురును.

ఆ రాకెట్టును వెంబడించుటకు రేడియో అక్కరలేదు, కన్ను చాలును. ఎగురవేయు చోటికి 50 మీటర్ల దూరమున నిలిచి, అర్ధవృత్తపు కోణమానినికి దారము, చిన్న రాయి కట్టి రాకెట్టు శిఖరమును చేరినప్పటి కోణమును కొలిచినచో చాలును. కోణము 40 డిగ్రీలైనచో దాని టాంజెంటు 0.839, ఎత్తు 42 మీటర్లు, దానికి కొలిచినవాని కంటి ఎత్తును కలుపవలెను. 41 డిగ్రీలుగా చదివినచో ఎత్తు 43.5 మీటర్లగును. ఒక డిగ్రీ పొరపాటు మీటరున్నర. పదవ తరగతి గణితములోని 'త్రికోణమితి అనువర్తనములు' అధ్యాయము ఇంతకంటె ఉత్సాహముగా నేర్పు మార్గము మరియొకటి లేదు.

ఈ పద్ధతిని చిన్నచూపు చూడరాదు. 1963 నవంబరు 21న తుంబా నుండి మన దేశపు మొదటి శాస్త్రీయ రాకెట్టు ఎగిరినప్పుడు అది ఆకాశమున సోడియము ఆవిరిని వెదజల్లినది. సంధ్యవేళ వెలిగిన ఆ మేఘమును పలుచోట్లనుండి ఛాయాచిత్రములు తీసి, కోణములను కొలిచి, పైగాలుల వేగమును లెక్కించినారు. కోణము, ఆధారరేఖ, త్రిభుజము అను మూడింటితోనే ఆ పని నెరవేరినది. 2022 నవంబరు 18న హైదరాబాదు సంస్థ తయారుచేసిన విక్రమ్-ఎస్ రాకెట్టు శ్రీహరికోట నుండి 89.5 కిలోమీటర్ల ఎత్తునకు పోయినది. అంతటి ఎత్తుకు రాడారు, రేడియో తప్పవు. నలుబది మీటర్ల సీసాకు అవి ఏల? రాకెట్టు ఇంకను లేకుండగనే దానికి లైసెన్సు వెదకుట 'ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అన్నట్లగును.

అయినను లైసెన్సు ఎందుకు?

ఇంతవరకు చూచినచో లైసెన్సు నిరుపయోగమని తోచవచ్చును. ఆ నిర్ణయము తొందరపాటు. రాకెట్టును వెదకుట అమెచ్యూర్ రేడియోకు చాల చిన్న ప్రయోజనము. ఆకాశమును వెంబడించుటలో అమెచ్యూర్లకు గొప్ప చరిత్ర ఉన్నది. 1957 అక్టోబరు 4న సోవియట్ రష్యా స్పుట్నిక్‌ను ప్రయోగించినప్పుడు దానిలోని ఒక్క వాటు ట్రాన్స్‌మిటరు 20.005, 40.002 మెగాహెర్ట్స్ వద్ద కీచుమన్నది. లోకమంతటి అమెచ్యూర్లు తమ రిసీవర్లతో దానిని విన్నారు. ఉపగ్రహము దగ్గరకు వచ్చునప్పుడు స్వరము హెచ్చుటను, దూరమగునప్పుడు తగ్గుటను గమనించి, అమెరికాలోని ఇద్దరు యువ భౌతికశాస్త్రజ్ఞులు ఆ డాప్లరు మార్పునుండియే దాని కక్ష్యను లెక్కగట్టినారు. నేడు సెల్‌ఫోనులో దారి చూపు ఉపగ్రహ వ్యవస్థలకు ఆ లెక్క మూలము.

అట్టి పరిశీలన నిజామాబాదు నుండియు సాధ్యమే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రపు కక్ష్య భూమధ్యరేఖకు 51.6 డిగ్రీల వాలుతో ఉన్నది, నిజామాబాదు 18.7 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది గనుక ఆ కేంద్రము అప్పుడప్పుడు నడినెత్తిమీదుగా పోవును. అందలి అమెచ్యూర్ స్టేషను 145.800 మెగాహెర్ట్స్ వద్ద ప్రసారము చేయునప్పుడు డాప్లరు మార్పు ఇటు అటు సుమారు 3.5 కిలోహెర్ట్స్ ఉండును. ఇది ఎగిరి పోగొట్టుకొనని రాకెట్టు. ఎవరి చెరకులోను పడదు. 2005 మే 5న శ్రీహరికోట నుండి భారత అమెచ్యూర్ల కొరకు పంపబడిన హామ్‌శాట్ కూడ 2014 వరకు ఇట్టి అభ్యాసమునకు తోడ్పడినది.

అంతకంటె విలువైనది ఆపదలోని సేవ. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున శ్రీమతి భారతీ ప్రసాద్ బృందము అండమానులో స్టేషను నడుపుచుండగా డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినది. అభ్యాసముగా మొదలైన ఆ స్టేషను నాడు ఆ దీవుల క్షేమవార్తలను ప్రధాన భూభాగమునకు అందించినది. పరీక్షలో అర్థములేని గొలుసుగా కనిపించు 'క్యూ' సంకేతములు, అక్షరములను స్పష్టముగా పలుకు పద్ధతి, తక్కువ మాటలలో ఎక్కువ చెప్పు క్రమశిక్షణ, ఆ దినమున ఎందుకో అర్థమగును.

మూడవ లోపము: అందుబాటు

మిగిలిన లోపము అన్నింటికంటె బాధాకరము. నిబంధనలు గెజెట్టులో హిందీ, ఆంగ్లములలో వెలువడును. తెలుగు మాధ్యమములో 'అనునాదము', 'ప్రేరకము' అని చదివిన బాలిక ప్రశ్నాపత్రములో వాటి ఆంగ్ల నామములను చూచి, తెలిసిన విషయమునే తెలియనిదిగా భావించి విడిచిపెట్టును. ఇది జ్ఞానలోపము కాదు, పదకోశ లోపము. ఈ పాఠ్యక్రమములోని పారిభాషిక పదములకు తెలుగు, ఆంగ్ల సమానార్థకముల పట్టికను పాఠశాలలోనే ఒక వారములో తయారుచేయవచ్చును. పిమ్మట పరీక్షకై హైదరాబాదు వరకు సుమారు రెండువందల కిలోమీటర్ల ప్రయాణము. ఒక దినము కూలి పోగొట్టుకొను తల్లిదండ్రులకు అది తేలిక కాదు. 2015లో బోధను చక్కెర కర్మాగారము మూతపడిన పిమ్మట ఆ ప్రాంతమున ఎన్ని కుటుంబముల ఆదాయము తగ్గినదో తెలిసినవారు ఈ మాటను తేలికగా తీసికొనరు.

దీనికి నిబంధనలలోనే ఒక దారి ఉన్నది. విద్యాసంస్థలకు, సంఘములకు కూడ స్టేషను లైసెన్సు ఇచ్చుటకు 1978 నిబంధనలు వీలు కల్పించినవి. అర్హత గల ఒక వ్యక్తి దానికి బాధ్యత వహించవలెను. కనుక మొదట పరీక్షకు పోవలసినవాడు విద్యార్థి కాదు, ఉపాధ్యాయుడు. ఒక్క ఉపాధ్యాయుడు ఉత్తీర్ణుడైనచో ఆయన పర్యవేక్షణలో పాఠశాల సంఘము పుట్టును. నీటి రాకెట్టుతో కోణమాపనము, చెరకు కోత ముగిసిన పొలములో రైతు అనుమతితో నక్కవేట, రాత్రివేళ అంతరిక్ష కేంద్రపు స్వరము వినుట, ఈ మూడును ఒక విద్యా సంవత్సరములో ఇమడును. ఆ పిమ్మట ఏ విద్యార్థి తానుగా పరీక్ష వ్రాయగోరునో వానిని హైదరాబాదుకు పంపుట వ్యర్థము కాదు. కళాశాలకు పోయి నిజమైన నమూనా రాకెట్ల పోటీలలో పాల్గొను నాటికి వానికి ట్రాన్స్‌మిటరు క్రొత్త వస్తువుగా ఉండదు.

మొత్తము మీద ఈ పాఠ్యక్రమము సిద్ధాంతములో గట్టిది, ఆచరణలో ఇంటిపట్టున ఉండునది, భాషలో దూరమైనది. రాకెట్టును వెదకుటకు మాత్రమే దానిని చదువబూనినవాడు నిరాశ చెందును. రేడియోను నేర్చుకొనుటకు చదివినవానికి రాకెట్టును వెదకుటయు దానితోపాటే వచ్చును. పరీక్షలో లేని దిక్కుల పాఠమును చేర్చవలసినది ప్రభుత్వము. అది చేరువరకు ఆ పాఠమును పొలము గట్టున చెప్పవలసినది ఉపాధ్యాయుడు.